ఇంటి కంప్యూటరే సర్వరు

స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరము చెంత, పరమాణు కేంద్రక శోధనకై ఐరోపా దేశములు ఉమ్మడిగా నెలకొల్పుకొన్న సెర్న్ అను పరిశోధనాలయములో, 1990వ సంవత్సరము చివరి మాసములందు టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన బల్లపై నున్న నెక్స్ట్ కంప్యూటరులోనే ప్రపంచమున మొట్టమొదటి వెబ్ సర్వరును, మొట్టమొదటి బ్రౌజరును నిర్మించెను. పుటలను పంపునదియు అదే యంత్రము. పుటలను అడిగి తెచ్చి చూపునదియు అదే యంత్రము. వాటిని నడపు ప్రోగ్రాములను వ్రాయుచు, దిద్దుచు, మరల వ్రాయుచు ఉండుటకు ఆయనకు ఆధారమైనదియు అదే యంత్రము. ఇతర కంప్యూటర్లు దానిని సంప్రదింపనారంభించిన పిమ్మట, ఎవరైనను తెలియక మీట నొక్కి ఆపివేసినచో లోకమునందలి వెబ్ అంతయు నిలిచిపోవునను భయముచేత, ఇది సర్వరు, దీనిని ఆపవలదు అను అర్థముగల హెచ్చరికను ఎర్ర సిరాతో చేతివ్రాతన వ్రాసి దానిపై అంటించిరి. ఆ చీటీతోనే ఆ యంత్రము నేటికిని భద్రపరుపబడియున్నది.

ఆ చీటీ అవసరమగుటకు కారణము, మార్పులు చేయు స్థలమును లోకులు చూచు స్థలమును ఒక్కటే యగుట. వెబ్‌సైటు ఒకసారి ముగిసి నిలిచిపోవు వస్తువు కాదు. చదువరులు చూచుచుండగనే దానికి క్రొత్త పుటలు చేరును, పాత ప్రోగ్రాములు మారును, దానికి ఆధారమైన సాధనములకు క్రొత్త వెర్షన్లు వచ్చును. మార్చువానికి తప్పు చేయుటకును, చేసిన తప్పును నిదానముగా వెదకి దిద్దుకొనుటకును స్వాతంత్ర్యము కావలెను. చూచువానికి ఆ తప్పు సోకరాదు. ఈ రెండు కోరికలును ఒక్క స్థలమున నెరవేరజాలవు గనుకనే, నాటకమాడువారు ప్రేక్షకులు లేని చోట ఒద్దికలు జరుపుకొన్నట్లు, వెబ్‌సైటును నిర్మించువారు తమ సొంత కంప్యూటరులో దాని ప్రతిరూపము నొకదానిని నిలుపుకొని, అందులో పనిచేసి, పరీక్షించి, సరియైనదని తేలిన పిమ్మటనే బయటి సర్వరునకు పంపుదురు. ఇట్టి ఏర్పాటును ఎట్లు చేసికొనవలెనో, అందు పనిచేయు యంత్రధర్మములెవ్వియో, మన తెలుగు వ్రాతకు అందు కలుగు చిక్కులెట్టివో ఈ అధ్యాయమున వివరింతును. ఆ ప్రతిరూపము అసలు సర్వరును ఎంతవరకు పోలియుండునో అంతవరకే దానికి విలువ యని నా దృఢాభిప్రాయము; పోలికలు కల్పించుకొనుటయు, పోలని చోట్లను ముందుగా ఎరిగియుండుటయు ఈ విద్యలో ముఖ్యభాగము.

వివరణకు ఒక ఆధారము కావలెను గనుక, ఒక చిన్న పట్టణమునందలి గ్రంథాలయమునకు వెబ్‌సైటు నిర్మింపదలచితిమనుకొందము. పుస్తకముల పట్టిక, అందులో తెలుగున వెదకు సౌకర్యము, సభ్యుల వివరములు, తీసికొనిపోయిన పుస్తకములను తిరిగి ఇయ్యవలసిన తేదీలు, ఇవి అందుండవలెను. దీనికి వర్డ్‌ప్రెస్ అను ఉచిత సాధనమును ఎన్నుకొందము. మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు 2003లో వెలువరించిన ఈ సాధనము పీహెచ్‌పీ అను ప్రోగ్రామింగు భాషలో వ్రాయబడినది. తన సమాచారమును మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసులో గాని, దానినుండియే పుట్టిన మరియాడీబీలో గాని దాచుకొనును. ఈ రెండింటికిని మూలపురుషుడైన మైఖేల్ విడేనియస్ తన కుమార్తెలైన మై, మరియాల పేర్లనే వాటికి పెట్టుకొనెను.

క్రొత్తగా నేర్చుకొనువారు మొదట తడబడునది ఇచ్చటనే. సామాన్యమైన హెచ్‌టీఎంఎల్ పుటను వ్రాసి, దానిపై రెండుసార్లు నొక్కినచో బ్రౌజరు తెరచి చూపును. ఆ ధైర్యముతో పీహెచ్‌పీ ఫైలుపై నొక్కినచో, పుటకు బదులుగా వ్రాసిన ప్రోగ్రామే అక్షరాక్షరము తెరపై కనబడును, లేదా ఆ ఫైలును దించుకొందువా యని బ్రౌజరు అడుగును. ఇందు బ్రౌజరు దోషమేమియు లేదు. పీహెచ్‌పీ దానికి తెలియని భాష; ఆ ప్రోగ్రామును నడిపి, డేటాబేసును అడిగి, వచ్చిన సమాధానమును హెచ్‌టీఎంఎల్‌గా మార్చి బ్రౌజరు చేతికి అందించుట సర్వరు చేయవలసిన పని. కనుక బయట ఎక్కడో నుండవలసిన సర్వరు, పీహెచ్‌పీ, డేటాబేసు అను మూడింటిని మన కంప్యూటరులోనే నడుపవలెను. మన బ్రౌజరు వాటిని పరాయి యంత్రమును అడిగినట్లే అడుగవలెను. ఒకే యంత్రము తన్ను తానే ప్రశ్నించి, తనకు తానే బదులు చెప్పుకొనుట ఎట్లు సంభవమగును?

ఇంటర్నెట్టు నిర్మాతలు ఈ అవసరమును మొదటి దినములలోనే గుర్తించి, చిరునామాలలో 127తో మొదలగువాటినన్నింటిని ఈ పనికే ప్రత్యేకించిరి. ఇట్టి చిరునామాలు 1,67,77,216 కలవు. అన్నియు ‘నేనే’ అను ఒక్క అర్థమునే చెప్పునవైనను, వాడుకలో నున్నది 127.0.0.1 అను ఒక్కటి. దానికి లోకల్‌హోస్ట్ అని పేరు. బ్రౌజరు ఆ చిరునామాకు ఒక ప్రశ్నను పంపినప్పుడు, అది తీగలలోనికి గాని, వైఫై తరంగములలోనికి గాని పోదు. నెట్‌వర్కు కార్డును సైతము తాకదు. ఆపరేటింగు సిస్టము తన లోపలనే దానిని మళ్లించి, బయటినుండి వచ్చిన ప్రశ్నవలెనే సర్వరుకు అప్పగించును. సర్వరు ప్రోగ్రామునకు ఈ భేదము తెలియనే తెలియదు. కనుకనే ఇంటర్నెట్టు కనెక్షను లేని ఊరిలో, రైలుప్రయాణములో, విద్యుత్తు పోయి బ్యాటరీపై నడచుచున్న లాప్‌టాపులో కూడ వెబ్‌సైటు నిర్మాణము నిరాటంకముగా సాగును. మన ప్రాంతముల విద్యార్థులకు ఇది స్వల్పవిషయము కాదు.

అంకెలను గుర్తుంచుకొనుట మనుష్యునకు కష్టము, పేర్లు కావలెను. మన కంప్యూటరులో ‘హోస్ట్స్’ అను ఒక చిన్న ఫైలు కలదు. అందులో ఒక వరుసన అంకెల చిరునామాయు, దాని ప్రక్కన పేరును వ్రాసినచో, ఆ పేరు ఆ యంత్రములో ఆ చిరునామాకే చెల్లును. ఈ ఫైలునకు గొప్ప వంశచరిత్ర కలదు. ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్ కాలమున దానికి చేరిన కంప్యూటర్ల పేర్లన్నియు ఒకే ఒక ఫైలులో నుండెడివి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున పనిచేసిన బృందము దానిని చేతితో సవరించుచుండగా, తక్కిన కంప్యూటర్లు దాని ప్రతిని తెచ్చుకొనెడివి. కంప్యూటర్ల సంఖ్య పెరిగి ఆ పద్ధతి మోయలేని భారమైనప్పుడు, 1983లో పాల్ మొకపెట్రిస్ పేర్ల భారమును పెక్కు సర్వర్లకు పంచియిచ్చు డీఎన్‌ఎస్ అను వ్యవస్థను రూపొందించెను. ఆ మహావ్యవస్థ వచ్చినను పాత ఫైలు మాత్రము ప్రతి యంత్రములోను నిలిచియున్నది, బయటి వ్యవస్థను అడుగుటకు ముందు యంత్రము సాధారణముగా దానినే చూచుకొనును. మనము అందు 127.0.0.1 ప్రక్కన గ్రంథాలయము.టెస్ట్ వంటి పేరు నొకదానిని ఆంగ్లాక్షరములతో వ్రాసికొన్నచో, ఆ పేరు మన కంప్యూటరునందు మాత్రము సజీవమగును.

చివర ‘టెస్ట్’ అనియే ఎందుకుంచవలెనన్న ప్రశ్నకు సమాధానము కలదు. 1999లో ఇంటర్నెట్టు ప్రమాణములను నిర్ణయించువారు ఈ తోకను పరీక్షలకే విడిచిపెట్టి, దానిని ఎన్నటికిని ఎవరికిని అమ్మరాదని నిశ్చయించిరి. ఈ నియమమును పాటింపక ‘డెవ్’ అను తోకను తమ ఇంటి పేర్లకు తగిలించుకొన్న నిర్మాతలు లోకమున చాలమంది యుండిరి. ఆ తోక గూగుల్ సంస్థ సొత్తైనది. ఆ సంస్థ దానిని భద్రమైన హెచ్‌టీటీపీఎస్ మార్గమున మాత్రమే తెరువదగిన జాబితాలో చేర్చెను. 2017 డిసెంబరులో క్రోమ్ 63వ వెర్షను రాగానే, అంతవరకు చక్కగా పనిచేయుచుండిన అసంఖ్యాకమైన ఇంటి వెబ్‌సైట్లు ఒక్కమారుగా తెరుచుకొనుట మానినవి. పరుల స్థలమున కట్టుకొన్న ఇంటికి భరోసా యుండదు.

పేరు యంత్రమును చూపును. యంత్రములోని ఏ ప్రోగ్రామునకు ప్రశ్న చేరవలెనో పోర్టు సంఖ్య చూపును. ఇవి 0 నుండి 65,535 వరకు కలవు. వెబ్‌కు 80, భద్రమైన వెబ్‌కు 443, మైఎస్‌క్యూఎల్‌కు 3306 వాడుక. ఒక పోర్టును ఒక ప్రోగ్రాము పట్టుకొని యుండగా మరియొకటి దానిని పట్టుకొనజాలదు. సర్వరు మొదలుకాలేదని క్రొత్తవారు వాపోవు సందర్భములలో అధికభాగము ఈ కారణముచేతనే సంభవించును, పట్టుకొన్నదానిని ఆపినను, మన సర్వరుకు 8080 వంటి వేరు పోర్టు ఇచ్చినను తీరిపోవును. ఇంతకంటె జాగ్రత్త వహింపవలసిన విషయము మరియొకటి కలదు. సర్వరును 127.0.0.1 వద్ద మాత్రమే వినుమని ఆదేశించినచో అది మనకు మాత్రమే పలుకును, 0.0.0.0 అని ఆదేశించినచో ఆ యంత్రమునకు గల చిరునామాలన్నింటి వద్దను వినును గనుక, అదే వైఫైలో నున్న ఇతరులును దానిని తెరువగలరు. కళాశాల వసతిగృహములలోను, రైల్వే స్టేషన్లలోను పనిచేయువారు ఈ భేదమును మరువరాదు.

ఇక సాధనములను సమకూర్చుకొనుట. సర్వరును, పీహెచ్‌పీని, డేటాబేసును విడివిడిగా తెచ్చి, ఒకదానికొకటి పరిచయము చేయుట ఒకప్పుడు ఓర్పుతో కూడిన పని. ఆ శ్రమను తగ్గించుటకై 2002లో జర్మనీలో అపాచీ ఫ్రెండ్స్ అను పేరిట కై సైడ్లర్, కై ఫోగెల్‌గెజాంగ్ అనువారు ఈ మూడింటిని ఒక్క మూటగా కట్టి, జాంప్ అను పేరుతో ఉచితముగా ఇచ్చిరి. దానిని స్థాపించి, అందలి నియంత్రణ ఫలకమున అపాచీ అను సర్వరును, డేటాబేసును మొదలిడి, హెచ్‌టీడాక్స్ అను ఫోల్డరులో వర్డ్‌ప్రెస్ ఫైళ్లను ఉంచి, ఖాళీ డేటాబేసు నొకదానిని సృష్టించి, దాని పేరును వర్డ్‌ప్రెస్‌కు తెలిపినచో, పావుగంటలో గ్రంథాలయపు మొదటి పుట తెరపై వెలుగును. నేర్చుకొనువారికి దీనిని మించిన ప్రారంభము నాకు కనబడదు. అయితే దీనిని నిర్మించినవారే చెప్పినట్లు, ఇది లోకమునకు చూపుటకు ఉద్దేశింపబడినది కాదు. ఇందలి డేటాబేసు అధికారికి రహస్యపదము సైతము ఉండదు. ఇంటి సౌలభ్యమునకై తలుపులు తీసి యుంచిన ఈ అమరికను ఉన్నదున్నట్లుగా బయటి సర్వరునకు ఎక్కించుట ప్రమాదకరము.

తెలుగువారమైన మనకు అసలైన పరీక్ష ఇప్పుడు మొదలగును. పుస్తకపు పేరు నొకదానిని తెలుగున చేర్చి చూచినప్పుడు, కొన్నిసార్లు తెరపై అక్షరములకు బదులు ప్రశ్నార్థకముల వరుస కనబడును. కొన్నిసార్లు తలపై గీతలు, చుక్కలు గల లాటిన్ అక్షరములు అర్థము లేక పేరుకొని యుండును. ఈ రెండును ఒకే జబ్బుగా తోచినను రెండు వేరు జబ్బులు. దీనిని గ్రహించుటకు అక్షరము యంత్రములో ఎట్లు నిలుచునో కొంచెము తెలిసికొనవలెను.

యూనికోడ్ లోని ప్రతి లిపిచిహ్నమునకు ఒక సంఖ్య కలదు. తెలుగునకు అందు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ సంఖ్యలను బైట్లుగా వ్రాయుటకు నేడు లోకమంతటను వాడుకలో నున్న యూటీఎఫ్-8 అను పద్ధతిని కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు 1992లో రూపొందించిరి. ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును, తెలుగు చిహ్నము ఒక్కొక్కటికి మూడు బైట్లు కావలెను. ‘తెలుగు’ అను మాటలో కంటికి కనబడునవి మూడక్షరములే యైనను, యంత్రము దృష్టిలో త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అను ఆరు చిహ్నములు, పదునెనిమిది బైట్లు. డేటాబేసు ఈ బైట్లను లాటిన్ బైట్లని భ్రమించి యథాతథముగా దాచినచో, చూపునప్పుడు ఒక్కొక్క బైటును ఒక్కొక్క లాటిన్ అక్షరముగా చూపును. ఇది రెండవ జబ్బు. బైట్లు చెడలేదు గనుక, ఓర్పు గలవారు వాటిని మరల తెలుగుగా చదివింపగలరు. డేటాబేసు తెలుగును తెలుగని గుర్తించి, తనకు గల లాటిన్ పట్టికలోనికి మార్పజూచినచో, ఆ పట్టికలో ‘త’ లేదు గనుక దాని స్థానమున ప్రశ్నార్థకమును వ్రాసికొనును. ‘తెలుగు’ ఆరు ప్రశ్నార్థకములుగా నిలుచును. ఇది మొదటి జబ్బు, దీనికి మందు లేదు. మూలము నశించినది, ఏ మాట ఉండెడిదో ఎవరును చెప్పజాలరు. వేల పుస్తకముల పేర్లు ఎక్కించిన పిమ్మట ఈ సంగతి బయటపడినచో కలుగు దుఃఖమును ఊహించుకొనవచ్చును. ఇంటి కంప్యూటరులో పది పేర్లతో ముందుగా పరీక్షింపుడని నేను ఇంత పట్టుదలతో చెప్పుట ఇందుకే.

మైఎస్‌క్యూఎల్ 8.0 వెర్షను 2018లో వచ్చువరకు దాని సహజమైన అమరిక లాటినే. అంతేగాక, అందు ‘యూటీఎఫ్8’ అను పేరుతో నుండినది చిహ్నమునకు మూడు బైట్ల వరకు మాత్రమే అంగీకరించునది. తెలుగు అందు ఇముడును గాని, నాలుగు బైట్లు గల ఎమోజీ నొకదానిని ఎవరైనను తమ అభిప్రాయమున చేర్చినచో, అమరికను బట్టి ఆ వాక్యము తిరస్కరింపబడుటయో, ఆ చిహ్నము నుండి చివరివరకు గల పాఠము మాయమగుటయో జరుగును. కనుక డేటాబేసును సృష్టించునప్పుడే ‘యూటీఎఫ్8ఎంబీ4’ అను అమరికను కోరుకొనవలెను. డేటాబేసునకును, దానితో మాటలాడు కనెక్షనుకును, పుటకును, మూడింటికిని ఇదే అమరిక యుండవలెను. ఒకటి తప్పినను చిక్కే.

ఇంకను సూక్ష్మమైన సంగతి కలదు. పొడవైన శీర్షికలను కుదించి చూపుటకు ప్రోగ్రామర్లు ఇన్ని బైట్ల వద్ద తెగగొట్టుమని వ్రాయుట కద్దు. ఇరువది బైట్ల వద్ద తెగగొట్టినచో ఆరు తెలుగు చిహ్నములు నిలిచి, ఏడవదానిలో రెండు బైట్లు మాత్రము మిగిలి, చివర నల్లని వజ్రాకారము వంటి విరిగిన గుర్తు కనబడును. బైట్లను గాక చిహ్నములను లెక్కించునట్లు సవరించినను తీరదు; అయిదు చిహ్నముల వద్ద కోసినచో ‘తెలుగు’ అనునది ‘తెలుగ’ యగును. హల్లును దాని గుణింతము నుండి విడదీయని కోత కావలెను. పాశ్చాత్య దేశములలో, లాటిన్ లిపితో మాత్రమే పరీక్షించి వెలువరించిన అలంకరణ సాధనములలో ఇట్టి లోపములు తెలుగువారి కంటికే మొదట కనబడును. వాటిని పట్టుకొను చోటు మన ఇంటి ప్రయోగశాలయే గాని వేరొకటి కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు సరిగా జరిగినను, మన యంత్రమునకును బయటి సర్వరునకును గల ప్రకృతిభేదములు మిగిలియే యుండును. మన కంప్యూటరులో విండోస్ ఉండవచ్చును. బయటి సర్వర్లలో సామాన్యముగా లినక్స్ ఉండును. విండోస్‌కు ఫైలు పేరులోని పెద్ద ఆంగ్లాక్షరమును చిన్న ఆంగ్లాక్షరమును ఒక్కటే. లినక్స్‌కు అవి వేరు. గ్రంథాలయ భవనపు ఛాయాచిత్రమునకు పెద్దక్షరముతో పేరు పెట్టి, పుటలో చిన్నక్షరముతో వ్రాసినచో, ఇంట బొమ్మ కనబడును, బయట కనబడదు. డేటాబేసులోని పట్టికల పేర్లకును ఇదే గతి. కాలమును గూర్చిన భేదము మరింత వంచకమైనది. మన యంత్రము భారత కాలమున నడచును. సర్వర్లు పెక్కు అంతర్జాతీయ కాలమున నడచును. రెండింటికిని అయిదున్నర గంటల అంతరము. అర్ధరాత్రి నుండి ఉదయము అయిదున్నర వరకు మనకు క్రొత్త తేదీ, సర్వరునకు పాత తేదీ. పుస్తకము తిరిగి ఇయ్యవలసిన గడువును తేదీలతో లెక్కించు ప్రోగ్రాము, ఇంట ఒప్పుగాను బయట తప్పుగాను తేల్చి, సభ్యుని కోపమునకు గురిచేయును. వేగము కూడ మోసగించును: లోకల్‌హోస్ట్ వద్ద ప్రశ్నకు జవాబు వచ్చుటకు ప్రయాణకాలమే లేదు, పెద్ద బొమ్మలును క్షణములో వచ్చును. బలహీనమైన సిగ్నలు గల ఫోనులో అదే పుట ఎట్లుండునో తెలియుటకు, బ్రౌజరులోని నిర్మాతల పరికరములలో వేగమును కృత్రిమముగా తగ్గించి చూచు సౌకర్యము కలదు. దానిని వాడుట మర్యాద.

ఈ భేదములను మొదలంట తగ్గించు ప్రయత్నమే కంటైనర్ల పద్ధతి. ఒక ప్రోగ్రామునకు ఫైళ్ల వ్యవస్థలో కొంత భాగమును మాత్రమే చూపి, అదియే సమస్తమని నమ్మించు ఉపాయము 1979 నాటి ఏడవ యూనిక్స్‌లోనే యుండెను. దానికి లినక్స్‌లో క్రమముగా చేరిన విభజన, నియంత్రణ శక్తులను జోడించి, సామాన్య నిర్మాతలకు అందుబాటులోనికి తెచ్చిన సాధనము డాకర్. దానిని సొలొమన్ హైక్స్ 2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైథాన్ సమావేశమున, అయిదు నిమిషముల చిన్న ప్రసంగములో మొదటిసారి ప్రదర్శించెను. దీనితో, ఏ లినక్స్, ఏ పీహెచ్‌పీ వెర్షను, ఏ మరియాడీబీ వెర్షను, ఏ కాలము, ఏ అక్షరముల అమరిక కావలెనో ఒక చిన్న ఫైలులో వ్రాసి యుంచినచో, ఆ ఫైలునుండి ఎవరి యంత్రములోనైనను అదే పరిసరము మరల పుట్టును. ఇరువురు ముగ్గురు కలసి చేయు పనికి దీనిని మించినది లేదు. అయినను ఒంటరిగా, మొదటి వెబ్‌సైటును కట్టుచున్నవానిని దీనితో ఆరంభింపుమని నేను చెప్పను. విండోస్‌లో డాకర్ తనకై ఒక లినక్స్‌ను లోపల నడుపుకొనవలసి యుండును గనుక, తక్కువ మెమరీ గల లాప్‌టాపులు నీరసించును. అంతకన్న ముఖ్యముగా, సర్వరు, డేటాబేసు, పోర్టు అను మూడు భావములు చేతికి అలవడకముందే నాలుగవ భావమును మోయుట విద్యార్థికి భారమగును. మొదట జాంప్, పిమ్మట డాకర్, ఇది నేను మెచ్చు క్రమము.

వ్రాసిన ప్రోగ్రాముల చరిత్రను గిట్ అను సాధనములో భద్రపరచుట మొదటి దినముననే ఆరంభింపవలెను. లినక్స్ మూలకర్త లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిలులో కొద్ది దినములలో దానిని పనిచేయు స్థితికి తెచ్చెను. అందు చేర్చవలసినవి మనము వ్రాసినవి. చేర్చరానివి రహస్యపదములు, సభ్యులు ఎక్కించిన ఫైళ్లు, బయటినుండి తెచ్చుకొన్న సాధనముల రాశి. ఆ తెచ్చుకొన్నవాటికి మాత్రము, ఏది ఏ వెర్షనులో తెచ్చితిమో ఖచ్చితముగా చెప్పు పట్టికను చేర్చవలెను. 2016 మార్చిలో పదునొకండు పంక్తులు గల లెఫ్ట్‌ప్యాడ్ అను చిన్న ప్రోగ్రామును దాని కర్త ఎన్‌పీఎం అను ఉమ్మడి ప్రోగ్రాముల భాండారమునుండి తొలగించినంతనే, దానిపై తెలిసియు తెలియకయు ఆధారపడియున్న ప్రాజెక్టులు లోకమున అనేకచోట్ల నిర్మాణమునకు లొంగక నిలిచిపోయినవి. మన వెబ్‌సైటు ఎన్ని పరాయి పంక్తులపై నిలిచియున్నదో మనకు తెలిసియుండవలెను.

ప్రతిరూపము అసలును పోలవలెనను ఆశతో, అసలు సర్వరులోని సభ్యుల సమాచారమును ఉన్నదున్నట్లుగా ఇంటికి తెచ్చుకొనుట మాత్రము తగదు. సభ్యులు తమ ఫోను సంఖ్యలను, చిరునామాలను గ్రంథాలయమునకు నమ్మి యిచ్చిరి గాని, ప్రోగ్రామరు లాప్‌టాపునకు ఇయ్యలేదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకై భారత పార్లమెంటు 2023లో చట్టమే చేసినది. పేర్లను, సంఖ్యలను మార్చివేసిన నకలు చాలును; తెలుగు పేర్ల పొడవు, ఒత్తులు, సంయుక్తాక్షరములు మాత్రము నిజమైనవాటిని పోలియుండునట్లు చూచుకొనవలెను. గడువు మీరిన సభ్యులకు ఈమెయిలు పంపు ప్రోగ్రామును పరీక్షించునప్పుడు, పంపిన లేఖలను బయటికి పోనీయక పట్టియుంచు మెయిల్‌పిట్ వంటి సాధనమును నిలుపుకొనవలెను. లేనిచో నడిరాత్రి చేసిన పరీక్ష తెల్లవారునప్పటికి నూరుగురు సభ్యులకు జరిమానా హెచ్చరికయై చేరును.

ఏ యంత్రములో పనిచేయుచున్నామో మరచినప్పుడు ఏమగునో తెలుపు వృత్తాంతము నొకదానిని గిట్‌ల్యాబ్ సంస్థ దాపరికము లేక లోకమునకు వెల్లడించినది. 2017 జనవరి 31న ఆ సంస్థ ఇంజనీరొకడు, రెండవ డేటాబేసు సర్వరులోని ఫైళ్లను తొలగింపబోయి, అసలు సర్వరులో ఆ ఆజ్ఞ నిచ్చెను. ఒకటి రెండు క్షణములలో గ్రహించి ఆపినను, సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలెను. నకళ్లకై వెదకగా, ప్రతిదినము నకలు తీయవలసిన సాధనము 9.2 వెర్షనుదియు, డేటాబేసు 9.6 వెర్షనుదియు నగుటచేత ఆ నకళ్లు అసలు పుట్టనే లేదని తేలెను. చివరకు వారిని ఆదుకొన్నది, పరీక్షల పరిసరమునకై ఆరు గంటలకు ముందు ఒక ఇంజనీరు తన చేతితో తీసియుంచిన నకలు. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది. సాధనముల వెర్షన్లు సరిపోలవలెననుటకును, పరీక్షకై వేరు ప్రతిరూప ముండవలెననుటకును ఇంతకన్న బలమైన సాక్ష్యము నాకు దొరకలేదు. అసలు సర్వరునకు కలిపిన కిటికీకి ఎర్రని రంగు, ఇంటి యంత్రపు కిటికీకి వేరు రంగు పెట్టుకొనుట స్వల్పశ్రమ; పెట్టుకొనుడు.

పని ముగిసి గ్రంథాలయపు వెబ్‌సైటును బయటికి పంపునాడు వర్డ్‌ప్రెస్ ఒక చివరి చిక్కు తెచ్చిపెట్టును. అది తన చిరునామాను, అనగా లోకల్‌హోస్ట్ పేరుతోనే స్థాపించియున్నచో ఆ మాటను, డేటాబేసులో పెక్కుచోట్ల వ్రాసికొని యుండును. బయటికి పోయినను చదువరిని అతని సొంత యంత్రమునకే మళ్లించుచుండును. ఆ మాటను వెదకి క్రొత్త చిరునామాను ఉంచినచో చాలునని తోచును గాని, పీహెచ్‌పీ కొన్ని మాటలను దాచునప్పుడు వాటి ముందు బైట్ల సంఖ్యను కూడ వ్రాయును. తొమ్మిది అక్షరముల లోకల్‌హోస్ట్ స్థానమున పొడవైన పేరు చేరగనే ఆ సంఖ్య తప్పై, ఆ భాగమునంతటిని పీహెచ్‌పీ చదువ నిరాకరించును. మాటతోపాటు సంఖ్యను కూడ సవరించు వెదకు-మార్చు ఆజ్ఞ వర్డ్‌ప్రెస్ వారి డబ్ల్యూపీ-సీఎల్ఐ అను సాధనములో కలదు, దానినే వాడవలెను. పంపుటకు ముందు నకలు తీయుట, ఆ నకలునుండి ఇంట మరల వెబ్‌సైటును లేపి చూచుట, రెండును తప్పనిసరి. తిరిగి లేచునని చూడని నకలును నకలని నమ్మరాదు.

ఇదంతయు చేసినవారికి నాదొక విన్నపము. మీ ప్రాజెక్టు ఫోల్డరులో, ఈ వెబ్‌సైటును ఇంటి యంత్రములో లేపుటకు ఏ వెర్షన్ల సాధనములు కావలెనో, హోస్ట్స్ ఫైలులో ఏమి వ్రాయవలెనో, ఏ పోర్టు, ఏ అక్షరముల అమరిక, ఏ కాలము పెట్టవలెనో, మాదిరి సమాచారమును ఎచ్చటినుండి ఎక్కింపవలెనో చెప్పు ఫైలు నొకదానిని తెలుగున వ్రాసి యుంచుడు. వ్రాసిన పిమ్మట ఈ పని ఎరుగని మిత్రుని చేతికి, వేరొక కంప్యూటరుతో కూడ, దానిని ఇచ్చి, మీరు నోరు మెదపక ప్రక్కన కూర్చుండుడు. అతడు ఆగిన ప్రతిచోటను మీ ఫైలులో ఒక వాక్యము లోపించినది. దానిని అప్పుడే చేర్చుడు.